పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్ ఎందుకు పట్టించుకోదు?

"పెన్‌డ్రైవ్ బాగానే ఉందండీ. పక్కింటి కంప్యూటర్లో పెడితే ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి. మా దాంట్లో పెట్టి ఆన్ చేస్తే మాత్రం అదసలు లేనట్టే పాత విండోసే వచ్చేస్తోంది. ఎందుకని?"

ఇంట్లో పాత కంప్యూటర్ ఉన్న ఎవరికైనా ఏదో ఒకరోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఇప్పుడు ఇంకా ఎక్కువ. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలంటుంది, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే అంటుంది. నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివే పిల్లవాడి కోసమో, గురజాలలో మీసేవ పనుల కోసమో పదేళ్ల కిందట కొన్న కంప్యూటర్‌కు ఆ అర్హత ఉండదు. అలాగని ఆ యంత్రం చచ్చిపోలేదు. లినక్సు ఎక్కిస్తే మరికొన్నేళ్లు పనిచేస్తుంది. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్సు ఉంది, డెబియన్ ఉంది, ఉబుంటు ఉంది. వీటిలో తెలుగు చదవొచ్చు, రాయొచ్చు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖంతోనే ఒక లినక్సును తెచ్చింది. దారులున్నాయి. కానీ పెన్‌డ్రైవ్ దగ్గరే బండి ఆగిపోతే ఆ దారులేవీ అక్కరకు రావు.

అందుకని ముందు తెలుసుకోవాల్సింది ఒకటే. మీట నొక్కిన తర్వాత లోపల ఏం జరుగుతుంది?

కరెంటు పడిన క్షణాన

కరెంటు అందిన తొలి క్షణంలో ప్రాసెసర్‌కు ఏమీ తెలియదు. ఫైలు అంటే తెలియదు, పెన్‌డ్రైవ్ అంటే తెలియదు, పక్కనే ఉన్న ర్యామ్‌ను ఎలా వాడాలో కూడా తెలియదు. పుట్టుకతో వచ్చిన అలవాటు ఒక్కటే ఉంటుంది: ఒక నిర్ణీత చిరునామాకు వెళ్లి, అక్కడ ఏ ఆదేశం ఉంటే దాన్ని పాటించడం. 1978లో ఇంటెల్ తెచ్చిన 8086 చిప్‌లో ఆ చిరునామా 1 ఎంబీ గీతకు 16 బైట్ల కింద ఉండేది. తర్వాతి తరాల ఇంటెల్ ప్రాసెసర్లలో 4 జీబీ గీతకు 16 బైట్ల కింద ఉంది. మెమరీ వేల రెట్లు పెరిగినా అలవాటు మాత్రం మారలేదు.

ఆ చిరునామాలో దొరికేది మదర్‌బోర్డు మీద అతికించిన ఒక చిన్న చిప్‌లోని ప్రోగ్రాం. ఈ తొలి ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. వాడుకలో మనం బయోస్ అనేది దీన్నే. హార్డ్‌డిస్క్ మొత్తం తుడిచేసినా ఇది పోదు. ఇది లేచి ర్యామ్‌ను సిద్ధం చేస్తుంది, కీబోర్డును, తెరను, డిస్కులను పలకరించి చూస్తుంది. అన్నీ బాగుంటే కంపెనీ బొమ్మ తెర మీదకు వస్తుంది. అప్పుడు డిస్కులోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉన్న ఎక్కింపు ప్రోగ్రామును వెతికి పట్టుకుని దానికి పగ్గాలు అప్పగిస్తుంది. దీని పేరు బూట్‌లోడర్. ఎక్కింపు ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టంలోని మూలభాగాన్ని, అంటే కర్నల్‌ను, ర్యామ్‌లోకి తెస్తుంది. కర్నల్ లేచాక పెన్‌డ్రైవ్‌ను తన సొంత డ్రైవర్లతో, అంటే పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాములతో, మళ్లీ కొత్తగా గుర్తుపట్టి, మనకు కనిపించే ఇన్‌స్టాలర్‌ను నడుపుతుంది.

సాగర్ కుడి కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఈ ఏర్పాటు చిరకాలంగా పరిచయమే. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచి పల్నాడు చూస్తున్నదే. డ్యాం దగ్గర వదిలిన నీరు నేరుగా చేలోకి రాదు. ప్రధాన కాలువ నుంచి మేజరుకు, మేజరు నుంచి మైనరుకు, మైనరు తూము నుంచి పంట బోదెకు, బోదె నుంచి మడికి. పై గేటు తెరుచుకుంటేనే కింది గేటుకు పని. చివరి ఆయకట్టు రైతు తన మడి ఎండితే మడిని తవ్వి చూడడు. కాలువ గట్టు వెంట పైకి నడుస్తాడు. ఎక్కడి దాకా నీళ్లున్నాయో చూస్తాడు. నీళ్లున్న చివరి గేటుకూ ఎండిపోయిన మొదటి గేటుకూ మధ్యలోనే సంగతి ఉందని ఆయనకు తెలుసు.

కంప్యూటర్ విషయంలో మనం ఆ గట్టు నడక మానేసి మడి తవ్వుతున్నాం. పెన్‌డ్రైవ్ మారుస్తాం, నాలుగైదు జీబీలు మళ్లీ డౌన్‌లోడ్ చేస్తాం, హార్డ్‌డిస్క్ పోయిందనుకుంటాం, కొత్త కంప్యూటర్ ధరలు అడుగుతాం. పక్కింటి కంప్యూటర్లో ఫైళ్లు కనిపించడం కూడా మనకు చెప్పేది చాలా తక్కువ. అక్కడ విండోస్ అప్పటికే లేచి కూర్చుని, అన్ని గేట్లూ దాటిన తర్వాత ఆ పెన్‌డ్రైవ్‌ను చదువుతోంది. మన ఇంట్లో అది నిలవాల్సింది ఇంకా విండోసే లేని చోట, ఫర్మ్‌వేర్ ఎదుట. ఫర్మ్‌వేర్ వెతికేది మన ఫొటోలనో పీడీఎఫ్‌లనో కాదు. ఒక ప్రత్యేకమైన చోట, ఒక ప్రత్యేకమైన రూపంలో ఉన్న ఎక్కింపు ప్రోగ్రామును. అది అక్కడ లేకపోతే తక్కిన ఫైళ్లెన్ని ఉన్నా ఫర్మ్‌వేర్‌కు ఖాళీ పెన్‌డ్రైవే.

రెండు కాలాల పద్ధతులు

ఆ ప్రత్యేకమైన చోటు ఏది? ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు, ఎందుకంటే దీనికి రెండు జవాబులున్నాయి.

మొదటిది 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించినప్పటిది. ఆనాటి బయోస్‌కు ఫైళ్లు చదవడం రాదు. డిస్కులో మొట్టమొదటి 512 బైట్లను ఎత్తి మెమరీలో పెట్టడమే దాని పని. హార్డ్‌డిస్కుల కాలం వచ్చాక ఆ 512 బైట్ల చివరి రెండు బైట్లలో ఒక నిర్ణీత గుర్తు ఉందా లేదా అని చూసే ఆచారం స్థిరపడింది. ఉంటే ఆ ముక్కను నడిపిస్తుంది. పార్టిషన్ల పట్టికకు చోటు వదిలేశాక అందులో ప్రోగ్రాముకు మిగిలేది 446 బైట్లు. మీరు ఇప్పుడు చదివిన పేరాను తెలుగు యూనికోడ్‌లో దాచాలన్నా ఆ చోటు చాలదు. అంత ఇరుకులో రాసిన ప్రోగ్రాం మీద దశాబ్దాల పాటు ప్రపంచంలోని పీసీలన్నీ లేచాయి.

రెండోది యూఈఎఫ్ఐ. 1990ల చివర ఇంటెల్ తన ఐటేనియం యంత్రాల కోసం మొదలుపెట్టింది. 2005లో దీని బాధ్యతను అనేక కంపెనీల ఉమ్మడి వేదిక తీసుకుంది. దీనికి ఫైళ్లు చదవడం వచ్చు. అయితే తప్పనిసరిగా రావాల్సిన భాష, అంటే డిస్కు మీద ఫైళ్ల అమరిక, ఫ్యాట్ కుటుంబానిది, మన వాడుకలో ఫ్యాట్32. పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డరు, దాని లోపల బూట్ అనే ఫోల్డరు, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు ఉందా అని చూస్తుంది. ఉంటే నడిపిస్తుంది. మొదటి 512 బైట్ల గొడవే లేదు.

2012 నుంచి 2020 ప్రాంతం దాకా వచ్చిన చాలా కంప్యూటర్లలో రెండు పద్ధతులూ ఉంటాయి. సెట్టింగుల్లో లెగసీ అనో సీఎస్ఎం అనో కనిపించేది పాత పద్ధతి. మన ఊళ్ల ఇళ్లలో పాతబడిన కంప్యూటర్లు ఎక్కువగా ఈ మధ్యకాలానివే కాబట్టి చిక్కూ అక్కడే. పాత పద్ధతికి తయారుచేసిన పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్ఐకి మాత్రమే సెట్ చేసిన యంత్రంలో పెడితే అది జాబితాలోకే రాదు. అటూ ఇటూ మార్చినా అంతే. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపించి, ఒకదాని ముందు మాత్రం యూఈఎఫ్ఐ అని ఉంటే కంగారు పడకండి. ఒకే వస్తువును రెండు పద్ధతుల్లో చూపిస్తోంది, అంతే. 2012 తర్వాతి యంత్రమైతే నేను యూఈఎఫ్ఐ ఉన్న వరుసనే ఎంచుకోమంటాను.

ఆ ఎంపిక ప్రభావం తర్వాత కూడా వెంటాడుతుంది. యూఈఎఫ్ఐ దారిలో లేచిన విండోస్ ఇన్‌స్టాలర్, డిస్క్ మీద జీపీటీ అనే కొత్త తరహా పార్టిషన్ పట్టిక ఉంటేనే ముందుకు కదులుతుంది. పాత ఎంబీఆర్ పట్టిక ఉంటే "ఈ డిస్కులో ఇన్‌స్టాల్ చేయడం కుదరదు" అంటుంది. డిస్క్ చెడిపోలేదు, దారి తప్పింది.

అరుదైన సంగతి ఒకటి. 2013, 2014 ప్రాంతంలో ఇంటెల్ ఆటమ్ చిప్పులతో వచ్చిన కొన్ని చవక ట్యాబ్లెట్లు, చిన్న ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ 64 బిట్లదైనా ఫర్మ్‌వేర్ 32 బిట్లది. అవి వెతికే ఫైలు పేరే వేరు: బూట్‌ఐఏ32. అది లేని పెన్‌డ్రైవ్ ఎంత కొత్తదైనా అవి చూడవు.

పెన్‌డ్రైవ్‌లోకి ఎలా ఎక్కించారు?

డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైలు ఒక డిస్కు పూర్తి నకలు. దాన్ని పాట కాపీ చేసినట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే లోపల పెద్ద ఫైలు ఒకటి ఉంటుంది తప్ప ఫర్మ్‌వేర్ వెతికే ఫోల్డరు బయటికి రాదు. కంప్యూటర్ పెన్‌డ్రైవ్‌ను పట్టించుకోకపోవడానికి తరచూ ఎదురయ్యే కారణాల్లో ఇదొకటి. ఐఎస్ఓను విప్పి పరచడానికి రూఫస్, ఎచర్ లాంటి ఉచిత సాధనాలున్నాయి. వెంటాయ్ అనేది మరో రకం: ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తే, తర్వాత ఐఎస్ఓ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే కాపీ చేసుకోవచ్చు. లేచేటప్పుడు ఏది కావాలో అడుగుతుంది.

లినక్సు, విండోస్ ఐఎస్ఓలు ఒక తీరువి కావు. ఉబుంటు, డెబియన్ లాంటివాటి ఐఎస్ఓలను రెండు పద్ధతులకూ పనికొచ్చేలా ముందే మలిచి ఇస్తారు. బైటుకు బైటు రాసేస్తే చాలు, ఎచర్ చేసేది అదే. విండోస్ ఐఎస్ఓను అలా రాస్తే లేవదు. దానికి రూఫస్ కానీ మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ కానీ కావాలి. ఈ టూల్‌కు కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉండాలి.

విండోస్‌తో ఇంకో ఇరకాటం ఉంది. యూఈఎఫ్ఐకి కావాల్సింది ఫ్యాట్32. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు. ఈ మధ్య విండోస్ ఐఎస్ఓలలోని ఇన్‌స్టాల్ అనే ప్రధాన ఫైలు తరచూ 4 జీబీ దాటుతోంది. చేత్తో కాపీ చేస్తే సరిగ్గా ఆ ఒక్క ఫైలు దగ్గరే ఆగిపోతుంది. పెన్‌డ్రైవ్ లేస్తుంది, ఇన్‌స్టాలర్ కూడా వస్తుంది, కానీ మధ్యలో కావాల్సిన ఫైలు లేదని చేతులెత్తేస్తుంది. మైక్రోసాఫ్ట్ టూల్ ఆ ఫైలును ఎక్కువగా కుదించి ఇమిడిస్తుంది. రూఫస్ పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్ఎస్ అనే మరో అమరికలో సిద్ధం చేసి, దాన్ని చదవగల చిన్న ప్రోగ్రామును పక్కన పెడుతుంది.

డౌన్‌లోడ్ సక్రమంగా దిగిందో లేదో ఊహించాల్సిన పని లేదు. లినక్సు సంస్థలు ఐఎస్ఓతో పాటు ఎస్‌హెచ్‌ఏ-256 అనే 64 అక్షరాల వరుసను ప్రకటిస్తాయి. మన దగ్గరున్న ఫైలుకు ఆ వరుస లెక్కిస్తే అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. ఒక్క బిట్ తేడా ఉన్నా వరుస మొత్తం మారిపోతుంది. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ అనే ఆదేశం ఇస్తే లెక్క వచ్చేస్తుంది. ఇది నిమిషం పని. అన్నిటికన్నా ముందు చేయమని నేను గట్టిగా చెప్పేది ఇదే.

సంతకం చూసే గేటు

2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ ఇళ్లలోకి వచ్చింది. ఎక్కింపు ప్రోగ్రాం మీద తనకు తెలిసిన డిజిటల్ సంతకం ఉంటేనే ఫర్మ్‌వేర్ దాన్ని నడుపుతుంది. వైరస్ ఏదైనా ఆపరేటింగ్ సిస్టం కంటే ముందే దూరి కూర్చోకుండా చేసిన ఏర్పాటిది. మంచి ఏర్పాటే. ఉబుంటు చాలాకాలంగా, డెబియన్ 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ సంతకం పొందిన షిమ్ అనే చిన్న ప్రోగ్రాం ద్వారా ఈ గేటు దాటుతున్నాయి. సంతకం లేని లినక్సులు దాటలేవు. 2022 తర్వాత వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో అయితే ఇతరుల సంతకాల సెట్టింగు మొదట ఆపేసి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే సరిపోతుంది.

సంతకానికి కాలం కూడా చెల్లుతుంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్, లోపాలున్న పాత షిమ్ వెర్షన్లు ఇక చెల్లకుండా చేసింది. దాంతో ప్రపంచవ్యాప్తంగా ఎందరివో లినక్సు పెన్‌డ్రైవ్‌లు, డిస్కులో పక్కనే ఉన్న లినక్సులు సైతం, భద్రతా విధానానికి విరుద్ధం అన్న ఒక్క వాక్యం చూపించి ఆగిపోయాయి. అంతకు ముందురోజు దాకా పనిచేసిన పెన్‌డ్రైవ్ అది. మందు ఏమిటంటే కొత్త ఐఎస్ఓ దించుకోవడం, లేదంటే తాత్కాలికంగా సెక్యూర్ బూట్ ఆపడం.

ఆపే ముందు ఒక హెచ్చరిక, దయచేసి దీన్ని దాటవేయకండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు విండోస్ తనంతట తానే తాళం వేసి ఉంచుతుంది. ఆ తాళం పేరు బిట్‌లాకర్. సెక్యూర్ బూట్ మార్చినా టీపీఎంను తుడిచినా, తర్వాతిసారి విండోస్ లేచేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. ఖాతా ఎవరి పేరున తెరిచారో, పాస్‌వర్డ్ ఏమిటో ఇంట్లో ఎవరికీ గుర్తులేకపోతే డిస్కులోని ఫైళ్లు దక్కవు. సెట్టింగును ముట్టుకోకముందే ఆ 48 అంకెలను కాగితం మీద రాసి పెట్టుకోండి.

తెర మీద చివరగా ఏం కనిపించింది?

ఇక గట్టు వెంట నడుద్దాం. తెర అసలు వెలగలేదా, బీప్‌లు మాత్రం వస్తున్నాయా? నీళ్లు మొదటి గేటే దాటలేదు. పెన్‌డ్రైవ్‌తో సంబంధం లేదు. ర్యామ్ వైపు చూడాలి.

కంపెనీ బొమ్మ వచ్చి, నేరుగా పాత విండోస్ లేచిందా? ఫర్మ్‌వేర్ ఆరోగ్యంగానే ఉంది, పెన్‌డ్రైవ్ వంతు రాలేదు. బూట్ మెనూ తెరిచి దాన్ని ఎంచుకోవాలి. ఆ మెనూ మీట కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్, ఎంఎస్ఐ బోర్డులకు ఎఫ్11. ఏసర్‌లో ఎఫ్12 అయినా చాలా మోడళ్లలో ముందు ఎఫ్2 నొక్కి సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని అనుమతించాలి. ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీటతో కలిపి నొక్కాల్సి రావచ్చు.

మీట ఎన్నిసార్లు నొక్కినా మెనూ రావడం లేదంటే అందుకు విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ కారణం కావచ్చు. షట్‌డౌన్ నొక్కినా కర్నల్ నిజంగా ఆగదు, తన స్థితిని డిస్కులో దాచుకుని పడుకుంటుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు ఎంత వేగంగా లేస్తుందంటే మీట అందుకునే సమయమే ఉండదు. విచిత్రంగా, రీస్టార్ట్ నొక్కితేనే పూర్తిగా ఆగి లేస్తుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ క్లిక్ చేయండి. వచ్చే నీలి తెరలో "యూజ్ ఎ డివైస్" అన్నచోట పెన్‌డ్రైవ్ కనిపిస్తే మీట వేట అవసరమే లేదు.

మెనూ వచ్చింది కానీ పెన్‌డ్రైవ్ పేరు లేదా? అప్పుడు యూఎస్‌బీ పోర్టు మార్చండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వదిలి వెనక మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టండి. హబ్ వాడకండి. నీలిరంగు పోర్టుల కంటే పాత నల్ల పోర్టుల్లో కొన్ని ఫర్మ్‌వేర్లు బాగా గుర్తుపడతాయి. అప్పటికీ రాకపోతే తయారీ విధానం తప్పు, రెండు కాలాల పద్ధతుల సంగతి మళ్లీ చూసుకోవాలి.

ఎంచుకున్నాక "నో బూటబుల్ డివైస్" అని వచ్చిందా? ఫర్మ్‌వేర్ పెన్‌డ్రైవ్ దాకా వెళ్లింది, ఎక్కింపు ప్రోగ్రాం దొరకలేదు. ఐఎస్ఓ ఫైలును ఉత్త కాపీ చేసి ఉంటారు. సంతకం, భద్రత అన్న మాటలు కనిపిస్తే సెక్యూర్ బూట్.

ఇన్‌స్టాలర్ లేచాక ఆగితే మాత్రం అది వేరే జాతి జబ్బు. ఒకప్పుడు విండోస్ 7 ఎక్కించేవాళ్లను బాగా ఏడిపించిన ఉదాహరణ చూడండి. పెన్‌డ్రైవ్ నుంచే లేచిన ఇన్‌స్టాలర్, ఇంకాసేపటికి డ్రైవర్ లేదంటూ అదే పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టనంటుంది. కీబోర్డు, మౌస్ కూడా పనిచేయవు. విండోస్ 7 వచ్చింది 2009లో, యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు అందులో లేవు. అంతదాకా పెన్‌డ్రైవ్‌ను చదివి పెట్టింది ఫర్మ్‌వేర్. కర్నల్ పగ్గాలు తీసుకున్న క్షణం నుంచి తన డ్రైవర్ల మీదే ఆధారపడాలి, అవేమో లేవు. 11వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో విండోస్ ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోవడం కూడా ఈ కోవలోదే. వీఎండీ అనే ఏర్పాటు వెనక డిస్క్ ఉంటుంది. కంపెనీ సైటులోంచి ఆ డ్రైవర్ దించి, "లోడ్ డ్రైవర్" దగ్గర చూపిస్తే డిస్క్ కనిపిస్తుంది.

ఇన్‌స్టాలర్ ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే, ఒకసారి 20 శాతం దగ్గర, ఇంకోసారి 70 దగ్గర, ర్యామ్‌నో పెన్‌డ్రైవ్‌నో అనుమానించాలి. ర్యామ్‌ను పరీక్షించడానికి మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాం పెన్‌డ్రైవ్ నుంచే లేస్తుంది. అసలు పరిమాణం తక్కువై, లేబుల్ మీద ఎక్కువ జీబీలు రాసి అమ్మే నకిలీ పెన్‌డ్రైవ్‌లూ ఉన్నాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాధనం వాటి గుట్టు బయటపెడుతుంది.

ఎండ, ధూళి, నాణెమంత బ్యాటరీ

పల్నాటి ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. రెంటచింతల ఎండల పేరు రాష్ట్రమంతా తెలుసు. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నం ధూళి గాలిలోనే ఉంటుంది. ఈ రెండూ కంప్యూటర్‌కు పడవు.

మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే, పాత బోర్డుల్లో బూట్ వరుసను గుర్తుపెట్టుకునేదీ అదే. వేడికి బ్యాటరీ త్వరగా నీరసపడుతుంది. మీరు పెన్‌డ్రైవ్‌ను మొదటి వరుసలో పెట్టి సేవ్ చేసినా ప్లగ్ తీసి పెట్టగానే పాత వరుసే వస్తుంటే, తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంటే, బ్యాటరీ అయిపోయినట్టే. తేదీ తప్పితే ఇంటర్నెట్‌లోని సైట్ల భద్రతా పత్రాలు కూడా చెల్లవు. ఇన్‌స్టాల్ మధ్యలో డౌన్‌లోడ్లు ఆగడానికి అదీ కారణమవుతుంది. కొత్త బ్యాటరీ ఖరీదు వంద రూపాయల లోపే.

ధూళి ర్యామ్ స్లాటులో చేరితే ఫర్మ్‌వేర్ మొదటి పరీక్షలోనే ఆగుతుంది. ప్లగ్ పీకేసి, పవర్ మీటను పది సెకన్లు నొక్కి ఉంచి, ర్యామ్‌ను బయటికి తీసి, స్లాటును మెత్తటి కుంచెతో దులిపి, రెండు వైపులా గొళ్లేలు పడేదాకా తిరిగి నొక్కండి. ర్యామ్ అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన షాపుల్లో అలవాటు. దానివల్ల పైనున్న పలుచటి బంగారు పూత అరుగుతుంది, రబ్బరు పొట్టు స్లాటులో చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డ మేలు.

ఇన్‌స్టాలర్ చివరికి లేచి, ఏ డిస్కులో ఎక్కించాలని అడుగుతుంది. అక్కడ చేయి ఆపండి. పెళ్లి ఫొటోలు, పాస్‌బుక్కుల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు ఇంకా ఆ డిస్కులోనే ఉన్నాయేమో చూసుకోండి. లినక్సు పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తాయి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే ముందు చెప్పిన 48 అంకెల కీ కావాలి. తాళం లేకపోతే ఆ లినక్సులోంచే పాత డిస్కు తెరిచి ఫైళ్లను వేరే డిస్కులోకి తీసి పెట్టుకోవచ్చు. ఆ పని అయ్యాకే ముందుకు నొక్కండి. పార్టిషన్ చెరిపి కొత్త సిస్టం రాసేశాక పాత ఫైళ్లు తిరిగి వస్తాయన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.